ఎల్లన్న రాయి

మా మామ యాదయ్య ఎవరినీ నమ్మడు. ఈ మాట నేను కోపంతో అంటున్నది కాదు. లింగాల మండలంలో మా ఊరివాళ్ళను ఎవరిని కదిపినా ఇదే చెబుతారు. దవాఖానలో డాక్టరమ్మ బీపీ గోలీలు ఇస్తే, "గివి మీ ఇంట్ల ఎవరన్న మింగుతుండ్రా?" అని అడిగిన మనిషి. తన తండ్రి మింగుతాడని ఆమె చెప్పేదాకా చేయి చాపలేదు. బోరు స్టార్టర్ డబ్బాకు రెండు తాళాలు వేస్తాడు. ఒక తాళంచెవి మొలతాడుకు వేలాడుతుంటుంది, రెండోది ఎక్కడ ఉంటుందో మా అత్త అలివేలమ్మకు కూడా తెలియదు. పోయినేడు అడవిపందులు మా పల్లిచేను పెళ్ళగించి పోతే, పక్కచేనువాడే కావాలని ఇటు తోలాడని పంచాయితీ పెట్టించాడు. "పందులు చెప్తే ఇంటయా మామా?" అన్నాను. "పంది ఇనదు. తోలెటోనికి తెలివి ఉంటది గద" అన్నాడు.

నేనేమీ బయటి పిల్లను కాదు. ఆయన సొంత చెల్లెలి కూతుర్ని. పేరు సుమన. చిన్నప్పుడు ఆయన భుజాల మీద కూర్చొని సోమశిల పోయి, కృష్ణలో మునిగి వచ్చినదాన్ని. అయినా ఆయన కొడుకు మహేశ్వర్‌ను చేసుకొని ఈ ఇంట్లోకి వచ్చాక, నేను వండిన కూర ముందు పిల్లికి పెట్టేవాడు. పిల్లి తిన్నాక ఒక బీడీ కాల్చి, అది లేచి తిరగడం చూసి, అప్పుడు కంచం ముందుకు లాక్కునేవాడు. ఏడుపొచ్చి అత్తతో చెప్పుకుంటే, తన పెళ్ళయిన కొత్తలోనూ ఇదే భాగోతమని చెప్పింది. ఆయన అనుమానం వల్ల ఈ ఇంట్లో బాగుపడింది పిల్లులే.

అయితే ఆ అనుమానం ఆయనకు పుట్టుకతో వచ్చింది కాదు. లారీలెక్కి నేర్చుకున్నది. ఆయన వయసులో ఉన్నప్పుడు మా మెట్ట చెలకల్లో వరసగా కరువు. మేస్త్రీలు లారీలు తెచ్చి ఊళ్ళకు ఊళ్ళనే ఎక్కించుకొని పోయేవాళ్ళు. ఎక్కడ డ్యాం కట్టినా, ఎక్కడ కాలువ తవ్వినా పాలమూరు కూలీలు ఉండాల్సిందే. మేస్త్రీ చెప్పిన ఊరు ఒకటి, లారీ ఆగిన ఊరు ఇంకొకటి. ఉగాదికి ఇంటికి పంపుతానని తీసుకుపోయినవాడు పై ఉగాదికి కూడా పంపేవాడు కాదు. జ్వరం వచ్చిందంటే నటన అనేవాడు. మనిషి పోతే పారిపోయాడనేవాడు. ఈ చివరి మాట దగ్గరే మా మామ బతుకు ఆగిపోయింది.

మా ఇంట్లో నడిమి అర్రలో, వడ్లు పోసే గుమ్మి వెనుక ఒక రాయి ఉంటుంది. ఎర్రటి పలక. పీటంత వెడల్పు, ఇద్దరు పట్టి లేపేంత బరువు. ఏడాది పొడుగునా దాని మీద గోనెసంచి కప్పే ఉంటుంది. పెత్రమాస నాడు మాత్రం మా మామ సంచి తీసి, రాయిని కడిగి, పసుపు కుంకుమ పెట్టి, జొన్నరొట్టె, వెల్లుల్లి కారం, లోటాలో కల్లు దాని ముందు పెడతాడు. అందరూ పెద్దలకు పెట్టుకునే రోజు అది. ఈయన తన తమ్ముడు ఎల్లన్నకు పెట్టుకుంటాడు.

ఆ రాయి మీద అడుగులున్నాయి. ఒక మూల నుంచి ఎదురుమూల దాకా వరసగా, కుడి ఎడమగా వేసుకుంటూ ఏదో నడిచిపోయినట్టు ఉంటాయి. ముందువి చిన్నవి, వెనకవి కొంచెం పెద్దవి. ఒక్కోదానికి ఐదేసి వేళ్ళు, చిన్న పిల్ల పిండిలో చేయి అద్దినట్టు విప్పారి ఉంటాయి. వాటి నడుమ తాడు ఈడ్చినట్టు ఒక గీత. తోక గీత అని చూడగానే తెలుస్తుంది. చివరి అడుగు సగంలో రాయి విరిగిపోయింది.

దాని కథ మా అమ్మ చెబితే నాకు తెలుసు. అమ్మకు మామ చెప్పాడు. ఇంకొకరికి ఆయన చెప్పింది లేదు.

మామ, ఎల్లన్న ఇద్దరూ ఒకే లారీలో పోయారు. గోదావరి అవతల ఎక్కడో కాలువ తవ్వకం. మామకు అప్పటికి పెళ్ళయింది, ఎల్లన్నకు ఇంకా మీసాలు సరిగా రాలేదు. ఒక అంగడి రోజున బియ్యం, ఉప్పు తేవడానికి మామ దగ్గరి ఊరికి పోయాడు. తిరిగి వచ్చేసరికి కాలువ గోడ ఒక పక్కంతా జారి కింద పడి ఉంది. ఎల్లన్న లేడు. కింద ఎవరూ లేరని మేస్త్రీ చెప్పాడు. "నీ తమ్ముడు పొద్దున్నే రైలెక్కి పోయిండు. ఎవతినో ఎంటబెట్టుకొని పోయిండట" అన్నాడు. మామ పార పట్టుకొని దిగబోతే నలుగురిని పెట్టి పక్కకు లాగించాడు. గట్టిగా అడిగితే, "తమ్ముడేడని పోలీసులు ముందు నిన్నే పట్టుకుంటరు, సోంచాయించుకో" అన్నాడు. నాలుగో రోజు కంపెనీ మిషన్లు వచ్చి ఆ మట్టిని అక్కడికక్కడే చదును చేసి, కాలువను కొంచెం పక్కకు జరిపి తవ్వుకుంటూ పోయాయి.

ఎల్లన్న మట్టి కింద ఉన్నాడా, నిజంగానే పోయాడా? మామకు ఆ రోజు తెలియదు. తనతో పాటు పని చేసినవాళ్ళను ఒక్కొక్కరినే పక్కకు పిలిచి అడిగాడు. ఒకడు చూడలేదన్నాడు, ఒకడు చూసినట్టే ఉందన్నాడు, ఒకడు మేస్త్రీ వైపు చూసి నోరు మూసుకున్నాడు.

మా వైపు ఒక ఆనవాయితీ ఉంది. మనిషి పోయిన చోట జల్లించిన బూడిద పలుచగా పరిచి, దాని మీద గంప బోర్లిస్తారు. తెల్లారి గంప లేపి చూస్తారు. బూడిదలో ఏ జీవి అడుగు పడితే, పోయినవాళ్ళు ఆ జన్మ ఎత్తారని లెక్క. మా తాత పోయినప్పుడు కోడి అడుగు పడింది. అది పక్కింటి కోడి అని అందరికీ తెలుసు, అయినా ఆ ఏడాదంతా ఆ కోడిని ఎవరూ కొయ్యలేదు. నవ్వుకుంటాం గాని, ఆ అడుగు కనబడ్డాకే ఇంట్లోవాళ్ళ మనసు కుదుటపడుతుంది. మనిషి ఇక రాడని ఒప్పుకునేది అప్పుడే.

ఎల్లన్నకు బూడిద పరిచేవాళ్ళు లేరు. శవమే లేనప్పుడు ఎక్కడ పరుస్తారు? మూడో రోజు పొద్దున, అంతకుముందు కురిసిన వానకు కడుక్కుపోయిన ఆ మట్టి దిబ్బ మీదికి మామ మళ్ళీ పోయాడు. అక్కడ ఈ పలక వెల్లకిలా పడి ఉంది. మీద అడుగులు. తడి మట్టిలో దిగినట్టే దిగి ఉన్నాయి. వేలు పెట్టి చూస్తే రాయి. మామ అక్కడే కూలబడి ఏడ్చాడట. బూడిద పోసేవాళ్ళు లేక నా తమ్ముడు రాయి మీదనే అడుగు వేసి చూపించాడని మా అమ్మతో చెప్పాడు. బట్టలు ఉతికే బండ అని అందరికీ చెప్పి, దాన్ని చాపలో చుట్టి లారీలో ఇంటికి తెచ్చాడు.

ఇక్కడ ఊరికి మేస్త్రీ మాట అప్పటికే చేరిపోయింది. ఎల్లన్న ఎవరితోనో లేచిపోయాడు. షోలాపూర్‌లో గాజులు అమ్ముతుంటే చూశానని ఒకడు, నాగ్‌పూర్‌లో ముగ్గురు పిల్లలట అని ఇంకొకడు. మా అమ్మమ్మ ఆ మాటలే పట్టుకొని, కొడుకు బతికే ఉన్నాడని పోయేదాకా బస్సు వచ్చే బాట చూసింది. కొడుకు పోయాడని పెద్దకొడుకు చెబితే, ఆస్తి పంచాల్సి వస్తుందని చెబుతున్నాడేమోనని ఆయననే అనుమానించింది. కన్నతల్లే ఆ మాట అన్నాక మామ ఇంకెవరికీ ఏమీ చెప్పలేదు. ఆ కాలువ ఏ ఊరి దగ్గరో మా అమ్మకు కూడా చెప్పలేదు. చెబితే ఎవరో పోతారు, ఎవరో తవ్వుతారు, నీ తమ్ముణ్ణి నువ్వే ఏం చేశావని తన మీదికి వస్తారు. మేస్త్రీ నాటిన ఆ భయం నలభై ఏళ్ళు దాటినా ఆయనలో వాడలేదు.

కాబట్టి మా మామకు అది రాయి కాదు. ఎల్లన్న పారిపోలేదు, చనిపోయాడు అని ఈ లోకంలో చెబుతున్న సాక్షి అదొక్కటే.

పోయిన పెత్రమాస మరుసటి రోజే మా ఇంటికి సర్వే వచ్చింది. సర్వే రాసేది లింగాల హైస్కూలు సైన్సు సారు భాస్కర్. ఎండగా ఉందని అత్త ఆయన్ని నడిమి అర్రలో కూర్చోబెట్టింది. ఉతికిన గోనెసంచి కంచె మీద ఆరుతోంది. ఇంట్లో ఎందరు, బర్రెలు ఎన్ని అని అడుగుతున్నవాడల్లా గుమ్మి వెనక్కి వంగి చూసి, ఫోను తీసి చటుక్కున ఫొటో కొట్టాడు.

"సారూ, రాళ్ళు గూడ లెక్కల రాసుకుంటరా?" అన్నాడు మామ.

భాస్కర్ సారు నవ్వి, "ఊరికే తీసిన" అన్నాడు. ఊరికే అన్న మాట మా మామ దగ్గర చెల్లదు. ఆయన గడప దాటగానే సంచి తడిగా ఉన్నా తెచ్చి కప్పేశాడు. వారం రోజులు నన్ను సతాయించాడు. "సర్వేకు వచ్చినోడు రాయి ఫొటో ఎందుకు తీస్తడు? నీకేమన్న చెప్పిండా? మీరిద్దరు సదువుకున్నోళ్ళు గద, ఒక్కటైతరు." అంగన్‌వాడీ టీచరునైన నాకు, హైస్కూలు సారుకు ఏం కుట్ర ఉంటుందో ఆయనకే తెలియాలి. నాకు ఒళ్ళు మండి ఆ పూట అన్నం కూడా పిలిచి పెట్టలేదు.

తర్వాత కొన్నాళ్ళకు భాస్కర్ సారు ఒక అమ్మాయిని వెంటబెట్టుకొని వచ్చాడు. యామిని. హైదరాబాదులో పాత జీవుల ఆనవాళ్ళ మీద పరిశోధన చేస్తోందట, సారు పంపిన ఫొటో చూసి వచ్చిందట. భుజానికి సంచి, కాళ్ళకు బూట్లు, ఎండకు కమిలిన ముఖం. చేతులు జోడించి, "తాతా, ఒక్కసారి చూసి పోతా, ముట్టుకోను కూడా" అంది. మామ కాదనబోయాడు. అత్త అప్పటికే చాయ్ పెట్టింది. చాయ్ తాగినవాళ్ళను వెళ్ళగొట్టలేక సంచి తీశాడు.

ఆ అమ్మాయి రాయి పక్కన బోర్లా పడుకొని, టార్చిలైటు నేలకు ఆనించి, వెలుగు పక్క నుంచి పడేటట్టు పట్టింది. అడుగులన్నీ ఒక్కసారి నీడలతో లేచినట్టయింది. ఎన్నో ఏళ్ళుగా చూస్తున్న నాకే అవి కొత్తగా కనబడ్డాయి. ఆమె ఒక్కో అడుగు మీదికీ వెలుగు జరుపుకుంటూ చివరిదాకా చూసింది. లేచాక కళ్ళు మెరుస్తున్నాయి.

"అక్కా, ఇవి ఎప్పటివో తెలుసా?" అని నాతో అంది. "డైనోసార్లు పుట్టక ముందువి కావచ్చు. జీవులు నీళ్ళలోంచి నేల మీదికి వచ్చి, నాలుగు కాళ్ళ మీద ఒళ్ళు మోసుకొని నడవడం నేర్చిన కాలం ఒకటుంది. ఆ తొలి నడకల వంశం ఇది. పొట్ట దాదాపు నేలకు తగులుతూ నడిచింది, చూడు, అడుగులు ఎంత ఎడంగా ఉన్నాయో. బురద మీద నడిచింది. బురద ఎండింది. మీద ఇంకో పొర మట్టి కప్పింది. అట్లనే రాయి అయింది."

నేను నోరు తెరిచి వింటున్నాను. మామ వినడం లేదు, చూస్తున్నాడు. ఆమె చేతులను, సంచిని, భాస్కర్ సారు నిలబడ్డ తీరును చూస్తున్నాడు.

"ఇది ఎక్కడ దొరికింది తాతా?"

"మా చెలకల" అన్నాడు మామ, రెప్ప వేయకుండా.

నేను తల దించుకున్నాను. ఆ అమ్మాయి సంతోషంగా చెలక చూపించమంది. చూపించక తప్పలేదు. ఎండలో చెలకంతా తిరిగింది. నల్లగుండ్లను చిన్న సుత్తితో తట్టింది, మట్టి పిడికిట్లో నలిపింది, గట్టు మీద కూర్చొని దూరంగా అడవి గుట్టల వైపు చూసింది. తిరిగి వచ్చేటప్పుడు ఆమె ముఖంలో నవ్వు లేదు.

"ఆ రాయి ఇక్కడిది కాదు తాతా. ఇక్కడి గుండ్లు దానికన్నా ఎంతో పాతవి. ఇవి పుట్టిన కాలానికి కాళ్ళున్న జీవే లేదు."

"కాళ్లు లెవ్వని నువ్వు చూసినవా?"

"చూడలేదు. కానీ రాయి చెబుతుంది."

"రాయికి నోరుంటె నన్నెందుకు అడుగుతవు? దాన్నే అడుగు."

భాస్కర్ సారు సర్దిచెప్పబోయాడు. స్థలం తెలియకపోతే ఈ రాయి శాస్త్రానికి మూగదని, అదే స్థలం తెలిస్తే అక్కడ ఇంకా ఎన్నో అడుగులు ఉండొచ్చని, యామిని అడుగుతున్నది అదొక్కటేనని బతిమాలాడు. మామ తల అడ్డంగా ఊపి బీడీ ముట్టించాడు. అంటే మాట అయిపోయిందని అర్థం.

వాళ్ళు పోయాక మా ఇంట్లో మొదలైంది అసలు పరేషాన్. వీళ్ళు గుప్తనిధుల ముఠా అని మామ తేల్చేశాడు. మా నల్లమల వైపు నిధుల కోసం గుళ్ళు, గుట్టలు తవ్వేవాళ్ళకు కొదవ లేదు. ఆ అడుగులు ఎటు పోతున్నాయో చూసి, ఆ దిక్కున తవ్వుతారట. "గందుకే ఎక్కడ దొరికిందని ఒక్కటే తీరు అడుగుతుంది" అన్నాడు. మంచం తెచ్చి గుమ్మికి అడ్డంగా వేసుకున్నాడు. ఊళ్ళో కూడా పుకారు లేచింది. యాదయ్య ఇంట్లో ఏదో బయటపడింది, పట్నం నుంచి జీపు వచ్చింది. ఎన్నడూ మా గడప తొక్కనివాళ్ళు చక్కెర అప్పుకని, నిప్పుకని వచ్చి నడిమి అర్రలోకి మెడలు సాచడం మొదలుపెట్టారు. ఈసారి మామ అనుమానాన్ని నేను తప్పుపట్టలేకపోయాను. నాకే ఎవరిని చూసినా అనుమానంగా ఉంది.

యామిని రెండోసారి వచ్చినప్పుడు ముఖం గట్టిగా ఉంది. చాయ్ వద్దంది. భాస్కర్ సారు ఆమె వెనకాల తప్పు చేసినవాడిలా నిలబడ్డాడు. ఆమె ఫోనులో ఫొటో పెద్దది చేసి ముందు నాకు చూపించింది. అడుగుల లోపల, వేళ్ళ సందుల్లో సన్నటి గీతలు.

"ఇవి ఇనుముతో గీసినవి అక్కా. మా పెద్దసారు చూసి, ఇవి చెక్కిన అడుగులు అన్నాడు. గిట్ల చెక్కి అమ్మేవాళ్ళు ఉన్నారు. చోటు అడిగితే అబద్ధం చెప్పారు. నేనేం అనుకోవాలి?" మామ వైపు తిరిగింది. "తాతా, నిజం చెప్పు. ఈ అడుగులు ఎవరు చెక్కారు?"

ఆ గీతలేమిటో నాకు తెలుసు. ఏడాదికోసారి పెట్టిన పసుపు వేళ్ళ సందుల్లో గట్టిగా పట్టేసుకుంటుంది. పెత్రమాస నాడు మామ కొడవలి మొనతో దాన్ని గీకి గీకి తీస్తాడు, తమ్ముడి కాళ్ళు కడుగుతున్నంత ఓపికగా. "ఎవరి ఇంటికొచ్చి ఎవర్ని దొంగ అంటున్నవు?" అని అరిచాను. ఇంకా చాలా అనేదాన్ని.

మామ చేయి అడ్డం పెట్టాడు. నన్ను చూడటం లేదు. ఆ అమ్మాయినే చూస్తున్నాడు.

"దొంగ అడుగులంటున్నవా?"

"చెక్కినవి అంటున్నా."

"అంటే గవి పడలే. వాడు సావలే. ఉరికిండు. గంతేనా?"

ఆ అమ్మాయికి ఏమీ అర్థం కాలేదు. భాస్కర్ సారుకూ కాలేదు. నాకు మాత్రం అర్థమైంది. ఎల్లన్న పారిపోయాడని ఇంతకాలం ఊరు అన్న మాటను, మేస్త్రీ అన్న మాటను, కన్నతల్లి నమ్మిన మాటను ఆ పిల్ల ఏమీ తెలియకుండా మళ్ళీ తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఎంత బతిమాలినా తెరవని నోరు, ఆ మాట పడలేక తెరుచుకుంది.

"రాసుకో" అన్నాడు మామ. "చెన్నూరు అవతల, ప్రాణహిత దిక్కు. ఎర్రవాగు అంటరు. వాగు దాటినంక కాలువ రెండు పాయలైతది. ఎడమ పాయల, మోదుగు చెట్లు గుంపుగ ఉన్నకాడ, కాలువ వంకర తిరుగుతది. సక్కగ పోవాల్సిన కాలువ వంకర ఎందుకు తిరిగిందో ఆ కంపెనీని అడుగు. ఆ వంకర బయట మట్టి సదును చేసిండ్రు. దాని కింద నా తమ్ముడున్నడు. ఎల్లన్న. మూడొద్దులకు ఆ దిబ్బ మీద గిది దొరికింది. వాన్ది అడుగు. నేను చెక్కలే. నా అయ్య మీద ఒట్టు, నేను చెక్కలే."

నలభై ఏళ్ళు పోలీసులకు భయపడి మింగిన ఊరిపేరును, అబద్ధాలకోరు అనిపించుకోలేక ఒక్క గుక్కలో కక్కేశాడు. అత్త వంటింటి గడపలో నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. ఆమె కూడా ఆ ఊరిపేరు వినడం అదే మొదటిసారి.

బూడిద సంగతి, మేస్త్రీ సంగతి, కొడవలి సంగతి నేనే చెప్పాను. యామిని వింటూ వింటూ నేల మీద కూర్చుండిపోయింది. "తప్పయింది తాతా" అంది. నిజంగానే అంది. ఎర్రవాగు ప్రాంతం పేరు వినగానే ఆమెకు నమ్మకం కుదిరింది. ఆ వైపు నేలలో అలాంటి ఎర్రరాయి, ఆ కాలపు ఎముకలు ఉంటాయని చెప్పింది. అంతటితో ఊరుకుంటే బాగుండేది. కానీ ఆయన నిజం చెప్పాక తానూ నిజమే చెప్పాలనుకుందో ఏమో.

"కానీ తాతా, ఈ అడుగులు ఆ మూడు రోజుల్లో పడినవి కావు. అంతకుముందే రాయి లోపల ఉన్నాయి. ఎన్నో కోట్ల ఏళ్ళుగా ఉన్నాయి. ఆ పొరలు పుస్తకంలో కాగితాల లెక్క ఒకదాని మీద ఒకటి ఉంటాయి. గోడ విరిగి పడ్డప్పుడు ఆ పొర విడిపోయి, ఈ పలక పైకి వచ్చింది."

మామ రాయి మీద చేయి పెట్టాడు. తోక గీత వెంట వేలు నడిపించాడు. ఆయన కంటే ముందే నాకు అర్థమైంది. ఆ పిల్ల నోరు మూస్తే బాగుండునని మనసులో మొక్కుకున్నాను.

"గోడల నుంచే వచ్చిందా గిది?"

"అవును తాతా."

"పడ్డ గోడల నుంచే?"

"అవును."

"అయితె వాని మీద పడ్డది గిదే."

ఇన్నేళ్ళు కడిగి, పసుపు పూసి, రొట్టె పెట్టి, ఎల్లన్నా అని పిలిచిన రాయి. మామ చేయి తీయలేదు. తీస్తాడనుకున్నాను, తన్నుతాడనుకున్నాను. ఆ చేయి అట్లనే ఉంది.

కాసేపటికి ఇంకో మాట అన్నాడు. అది ఆయన నోట ఎన్నడూ వినలేదు. "లేకుంటె వాడు ఆడ లేనే లేడు. మేస్త్రీ చెప్పిందే నిజమేమో. ఉరికిండేమో. నాకు ఒక్క మాట చెప్పకుంట పోయిండేమో." ఊరంతా ఆ మాట అంటుంటే ఆయనకు అంత కోపం ఎందుకు వచ్చేదో నాకు అప్పుడు తెలిసింది. ఆ అనుమానం ఆయనకూ ఉంది. లోకంలో అందరినీ అనుమానించినవాడు, తమ్ముణ్ణి మాత్రం అనుమానించకుండా ఉండటానికే ఈ రాయిని మోసుకొచ్చాడు. ఇప్పుడు దాన్ని కూడా ఆ అమ్మాయి తీసేసింది. చదువు చెప్పే సత్యం ఇంత పాడుదా అని ఆమె మీద కోపం వచ్చింది, ఆమె తప్పు లేదని తెలిసి కూడా.

యామిని మెల్లగా చెప్పింది. రాయి ఇక్కడే ఉండనియ్యండి, ముందు మేం ఆ చోటికి పోతాం, అనుమతులు తీసుకొని తవ్వి చూస్తాం, మిగతా అడుగులు అక్కడ ఉండొచ్చు అని.

"ఎట్ల తవ్వుతరు?" అన్నాడు మామ, తల ఎత్తకుండా. "మిషన్లు పెడ్తరా?"

"లేదు తాతా. మిషన్లు అస్సలు పెట్టం. చేతులతోనే. చిన్న పనిముట్లతో, బ్రష్షులతో, ఒక్కో పొర. మట్టి అంతా జల్లెడ పడతాం."

"జల్లెడల ఏముంటది?"

"ఏమైనా ఉండొచ్చు. ఒక పన్ను, ఒక ఎముక ముక్క. గోరంతది ఉన్నా వదిలిపెట్టం. ఆ జంతువుదే ఏమైనా దొరకొచ్చని."

మామ ఇప్పుడు తల ఎత్తాడు. ఆమె ముఖంలోకి సూటిగా చూశాడు. అబద్ధం ఎక్కడుందో వెతికే చూపు అది, నాకు బాగా తెలిసిన చూపు. చాలాసేపు వెతికాడు. తర్వాత రెండు చేతులూ జోడించాడు. తన మనవరాలి వయసున్న పిల్లకు ఆయన దండం పెట్టడం చూడలేక నేను పక్కకు తిరిగాను. మాట మాత్రం వినబడింది.

"గన్ని కోట్ల ఏండ్ల కింద పోయినదాన్ని దొరకబట్టెటోళ్ళు గద మీరు. మావోనిది నలబై ఏండ్లే అయింది బిడ్డా. జర వాన్ని గూడ ఎతుకుండ్రి."